బుడగలు ఆగితే అయిపోయినట్టేనా?

ఇంట్లో మొదటిసారి బీరు తయారుచేసేవాళ్లు దాదాపు అందరూ పదో రోజుకో పన్నెండో రోజుకో ఒకే ప్రశ్న అడుగుతారు. "బుడగలు ఆగిపోయాయి. ఇక సీసాల్లో పోసేయొచ్చా?" పైకి ఇది వంటింటి ప్రశ్నలాగే ఉంటుంది, అన్నం ఉడికిందా లేదా అన్నట్టు. కానీ అన్నం ఉడకకపోతే ఇంకో చెంబు నీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీద పెట్టుకోవచ్చు. ఇక్కడ మూత బిగించాక లోపల ఏం జరుగుతోందో కనబడదు. పైగా ఆ సీసా చాలాసార్లు వేరేవాళ్ల చేతిలో తెరుచుకుంటుంది. అందుకే ఈ చిన్న ప్రశ్న వెనక ఒక నైతిక ప్రశ్న కూడా ఉందనిపిస్తుంది: ఒక విషయం "అయిపోయింది" అని చెప్పే హక్కు మనకి ఎప్పుడొస్తుంది?

ముందుగా ఒక మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడానికి ఎక్సైజు చట్టాలు ఒప్పుకోవు. నేను చెప్పేది అమెరికా సంగతి. అక్కడ 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి దారి దొరికింది గానీ బీరుకి దొరకలేదు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో కేంద్రస్థాయిలో ఆ అడ్డు పోయింది. ఆఖరున మిగిలిన అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013లో గానీ సరే అనలేదు. డాలస్‌లో ఉండే నా స్నేహితుడొకడు ఏటా చలికాలంలో గరాజులో ఇరవై లీటర్ల బకెట్‌తో ఈ పని మొదలుపెడతాడు. ఈ విషయం మీద నాకు ఆసక్తి పుట్టింది అతనితో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడబట్టే.

జరిగేది ఇదీ. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే తియ్యటి రసం వస్తుంది. దాన్ని హాప్స్ అనే చేదుపూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి మూత పెడతారు. ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్‌నీ, కార్బన్ డయాక్సైడ్‌నీ వదులుతుంది. మూతకి ఎయిర్‌లాక్ అని, నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంటుంది. లోపలి వాయువు అందులోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. మొదటి రెండు మూడు రోజులు ఆ గొట్టం ఊపిరాడనంత హడావుడిగా గుడగుడలాడుతుంది. పైన దట్టమైన నురగ కడుతుంది. తర్వాత నిమిషానికొకటి, గంటకొకటి, ఆ తర్వాత ఏమీ ఉండదు. నురగ కూడా దిగిపోతుంది.

దాంతో అయిపోయిందనుకుంటాం. కానీ చేయితిరిగిన వాళ్లు చెప్పే మొదటి మాట, బుడగల్ని నమ్మొద్దని. మూత సరిగ్గా బిగవకపోతే వాయువు పక్కనుంచి పోతుంది, లోపల ఈస్ట్ హాయిగా పని చేసుకుంటున్నా గొట్టంలో చప్పుడుండదు. దీనికి తలకిందులుగానూ జరుగుతుంది. పని ఎప్పుడో పూర్తయినా, గరాజు కాస్త వేడెక్కితే, బయట వాతావరణ పీడనం తగ్గితే, ద్రవంలో అప్పటికే కరిగి ఉన్న వాయువు బయటికొచ్చి మళ్లీ బుడగలు కనిపిస్తాయి. అంటే చప్పుడు ఉన్నంతమాత్రాన పని జరుగుతున్నట్టూ కాదు, చప్పుడు లేనంతమాత్రాన ఆగిపోయినట్టూ కాదు. బుడగలు చెప్పేది మూత గురించి, గది గురించి, వాతావరణం గురించి కూడా. మనం మాత్రం అంతా బీరు గురించే అనుకుంటాం.

మరి దేన్ని నమ్మాలి? హైడ్రోమీటర్‌ని. గాజుతో చేసిన తేలే గొట్టం అది. నీళ్లలో వేస్తే 1.000 దగ్గర నిలుస్తుంది. చక్కెర కరిగిన రసం నీటికన్నా చిక్కన కాబట్టి అందులో పైకి తేలుతుంది, మామూలు బీరు మొదలుపెట్టినప్పుడు దాదాపు 1.050 చూపిస్తుంది. చక్కెర తరిగి ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఆ అంకె దిగుతుంది. ఇంగ్లండ్‌లో జాన్ రిచర్డ్‌సన్ అనే ఆయన ఈ కొలత పద్ధతి గురించి 1784లోనే బీరు తయారీదారుల కోసం పుస్తకం రాశాడు. అప్పటికి ఈస్ట్ ఒక ప్రాణి అని ఎవరికీ తెలియదు. బీరులో నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప ఇంకేమీ ఉండకూడదని 1516లో బవేరియాలో చేసిన శాసనంలో ఈస్ట్ ఊసే లేదు. కిణ్వ ప్రక్రియని నడిపేది సూక్ష్మజీవులని పాశ్చర్ చూపించి, బీరు మీద ఏకంగా ఒక పుస్తకం వేసేసరికి 1876 వచ్చింది. లోపల పనిచేస్తున్నది ఏమిటో తెలియకముందే, అది ఎంత పని చేసిందో కొలవడం మనుషులు నేర్చుకున్నారు.

ఈ కొలతలో నాకు నచ్చే విషయం, ఒక్క అంకెతో ఇక్కడ ఏదీ తేలకపోవడం. ఇవాళ 1.012 ఉందంటే, ఇవాళ 1.012 ఉందని మాత్రమే అర్థం. రేపటికి 1.010 కావచ్చు. అందుకే రెండు మూడు రోజుల తేడాతో మళ్లీ కొలవమంటారు. అంకె కదలకపోతే ఆగిందని అర్థం. ఒక క్షణాన్ని ఎంత తేరిపార చూసినా ముగింపు కనబడదు. రెండు క్షణాల మధ్య ఏమీ మారకపోవడంలో కనబడుతుంది.

అప్పుడు కూడా ఆగిందని తెలుస్తుంది, అంతే. అయిపోయిందని తెలియదు. ఈ రెండు మాటల మధ్య తేడాలోనే అసలు చిక్కంతా ఉంది. రాత్రిపూట గరాజు బాగా చల్లబడితే ఈస్ట్ పని మానేసి అడుక్కి దిగి పడుకుంటుంది. అంకె 1.020 దగ్గర నిలిచిపోతుంది. మూడు రోజుల తర్వాత చూసినా 1.020. బుడగల్లేవు, నురగ లేదు, కొలత మారలేదు. అన్ని లక్షణాలూ ముగింపువే. కానీ తినాల్సిన చక్కెర ఇంకా లోపలే ఉంది. నివురు గప్పిన నిప్పు అంటామే, అచ్చం అలాగ. దీన్ని కనిపెట్టడానికి ఒక పద్ధతుంది. రసంలోంచి కొంచెం వేరే సీసాలోకి తీసి, ఈస్ట్ మరింత ఎక్కువ వేసి, వెచ్చటి చోట పెట్టి, అప్పుడప్పుడూ కుదుపుతారు. దానికి అన్ని అవకాశాలూ ఇస్తే ఎంత దాకా దిగుతుందో చూస్తారు. ఆ నమూనా 1.011కి దిగి, బకెట్‌లోది 1.020 దగ్గరే ఉందంటే, బకెట్‌లోది నిద్రపోయిందన్నమాట. దాన్ని కాస్త వెచ్చబెట్టి లేపాలి.

తొందరపడి సీసాల్లో పోస్తే ఏమవుతుంది? సీసా బీరులో ఆ చుర్రుమనే గుణం రావడానికి మూత బిగించేముందు లీటరుకి ఆరు గ్రాముల చొప్పున చక్కెర కావాలనే కలుపుతారు. మిగిలివున్న ఈస్ట్ దాన్ని తిని వదిలే వాయువు ఎటూ పోలేక బీరులోనే కరుగుతుంది. గది వేడిమిలో ఆ సీసాలో ఉండే ఒత్తిడి, కారు టైరులో ఉండేదానికి కొంచెం అటూఇటూగా ఉంటుంది. గాజు దాన్ని మోయగలదు. కానీ బీరు నిజంగా ముగియకుండా, హైడ్రోమీటర్ మీద 0.004 మాత్రమే ఇంకా దిగాల్సి ఉన్నప్పుడు మూత బిగిస్తే, లోపలి వాయువు మామూలుగా ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు అవుతుంది. తెరవగానే చిమ్మితే అదృష్టవంతులం. లేకపోతే సీసా పేలుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు షాంపేన్ నేలమాళిగల్లో పనివాళ్లు ముఖానికి ఇనప ముసుగులు కట్టుకుని తిరిగేవాళ్లు. ఒక సీసా పగిలితే ఆ దెబ్బకి పక్కవి కూడా పగిలేవి. 1830లలో ఫ్రాన్సువా అనే మందుల తయారీదారు సీసాలో పోసేముందు వైన్‌లో చక్కెర ఎంతుందో లెక్కగట్టే పద్ధతి చెప్పాకే ఆ పేలుళ్లు తగ్గుముఖం పట్టాయి.

ఇంతకీ ఇందులో నీతి ఎక్కడుంది? జాగ్రత్త లేకపోవడం తప్పేగానీ, అందులో తత్వశాస్త్రం ఏముంది అనొచ్చు. ఇక్కడే నాకు క్లిఫర్డ్ గుర్తొస్తాడు. విలియం క్లిఫర్డ్ ఇంగ్లండ్ గణితవేత్త, ముప్పై మూడేళ్లకే పోయాడు. 1877లో విశ్వాసం గురించి, దాని నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఓడ యజమాని కథ ఒకటుంది. ఓడ పాతది, మరమ్మతులు కావాలేమోనని అతనికి అనుమానం. వలసపోయే కుటుంబాలు ఎక్కబోతున్నాయి. మరమ్మతుకి ఖర్చవుతుంది. ఇన్ని ప్రయాణాలు చేసొచ్చింది, ఇదీ చేసొస్తుందిలే అని మెల్లగా తనని తాను ఒప్పించుకుంటాడు. చివరికి నిజంగానే నమ్ముతాడు. ఓడ మునుగుతుంది, అతను బీమా డబ్బు తీసుకుంటాడు. అతను మనస్ఫూర్తిగా నమ్మాడు కదా అంటే, అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఎందుకంటే ఆ నమ్మకాన్ని ఆధారాలు వెతికి సంపాదించలేదు, అనుమానాల నోరు నొక్కి సంపాదించాడు. ఇంకో అడుగు ముందుకేసి, ఓడ మునగకపోయినా అతని తప్పు అంతే అంటాడు. క్షేమంగా చేరడం అతన్ని నిర్దోషిని చేయదు, తప్పు బయటపడకుండా చేస్తుందంతే.

బుడగలు ఆగిన బకెట్ ముందు నిలబడ్డ మనిషి పరిస్థితి చిన్న స్థాయిలో ఇదే. శనివారం స్నేహితులొస్తున్నారు, సీసాలు కడిగి పెట్టుకున్నాడు, ఇంకో వారం ఆగే ఓపిక లేదు. బుడగలు ఆగిపోవడం అతనికి ఆధారంలా కనబడుతుంది గానీ, నిజానికి అది అనుమతి. తను ముందే అనుకున్నదానికి దొరికిన అనుమతి. పేలకపోతే అతనికి ఎప్పటికీ తెలియదు కూడా, పైగా తన అంచనా సరైనదేనన్న ధీమా పెరుగుతుంది. అదృష్టాన్ని నైపుణ్యం అనుకోవడం అక్కడే మొదలవుతుంది.

అయితే క్లిఫర్డ్ చెప్పినదంతా ఒప్పేసుకుంటే ఇంకో గోతిలో పడతాం. చాలినంత ఆధారం అంటే ఎంత? మూడు కొలతలు ఒకేలా వచ్చాయి, నాలుగోది కూడా అలాగే వస్తుందని హామీ ఏమిటి? హామీ లేదు. కొన్ని రకాల అడవి ఈస్ట్‌లు మామూలు ఈస్ట్ తినలేని పదార్థాల్ని కూడా వారాల తరబడి మెల్లగా విరగ్గొట్టి తింటూ పోతాయి. అవి చేరితే మూడు రోజుల కొలతలు ఎందుకూ పనికిరావు. పోనీ, అనుమానం తీరేదాకా రోజూ మూత తీసి కొలుద్దామా? తీసినప్పుడల్లా గాలి లోపలికి పోతుంది, బీరు తడిసిన అట్టముక్క రుచికి వస్తుంది. బాక్టీరియా చేరితే పుల్లబడుతుంది. తేల్చుకోవాలన్న ఆత్రమే దాన్ని పాడుచేస్తుంది. నిదానమే ప్రధానం అన్నది మనమే, ఆలస్యం అమృతం విషం అన్నదీ మనమే. రెండూ నిజమే కాబట్టి ఏ ఒక్కటీ సలహాగా పనికిరాదు.

1896లో విలియం జేమ్స్ క్లిఫర్డ్‌కి ఇచ్చిన జవాబు ఇటువంటి చోటి నుంచే వస్తుంది. కొన్ని విషయాల్లో ఆధారం పూర్తయ్యేదాకా ఆగడం కూడా ఒక నిర్ణయమే, దానికీ మూల్యం ఉంటుంది అంటాడు జేమ్స్. ఇంకా, కొన్నిచోట్ల మన నమ్మకమే ఆ విషయాన్ని నిజం చేయడానికి సాయపడుతుంది. ఎదుటివాడు నన్ను ఇష్టపడతాడని నమ్మి మాట్లాడితేనే స్నేహం మొదలవుతుంది, రుజువు దొరికాకే మాట్లాడతానంటే ఎప్పటికీ మొదలవదు. ఈ ఇద్దరిలో ఎవరు గెలిచారని కాదు గానీ, ఎక్కడ ఎవరి మాట వినాలో బీరు బకెట్ కొంత చెబుతుంది. ఈస్ట్‌కి మన నమ్మకంతో పని లేదు. మనం ఎంత ఆశగా చూసినా 1.020 దగ్గర ఆగినది అక్కడే ఉంటుంది. కాబట్టి అక్కడ క్లిఫర్డ్ మాటే వినాలి. మనిషి విషయానికొస్తే కాస్త జేమ్స్ మాట కూడా వినాల్సి వస్తుంది.

అక్కడికి పోయేముందు మన వంటింట్లోకి ఒకసారి చూద్దాం, ఎందుకంటే పులియడం మనకేం కొత్త కాదు. ఇడ్లీ పిండి పొంగితే మూత తనంతట తనే లేస్తుంది. ఆవకాయని మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తారు, ఉప్పు చాలకపోతే వేస్తారు. కల్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. చెట్టు మీద ముంతలో ఉండగానే పులియడం మొదలవుతుంది. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, సాయంత్రానికి పుల్లగా. ఎప్పుడు అయిపోయిందని ఎవరూ అడగరు, ఎప్పుడు తాగాలన్నదే లెక్క. వీటన్నిట్లో ఉన్న పోలిక, పాత్ర తెరిచే ఉండటం, లేదా ఎప్పుడంటే అప్పుడు తెరుచుకోగలగడం. దిద్దుకునే వీలున్నంతకాలం ముగింపు గురించి బెంగ అక్కర్లేదు. మూత బిగించాల్సి వచ్చినప్పుడే, వేరేవాళ్ల చేతికి ఇవ్వాల్సి వచ్చినప్పుడే, "అయిపోయిందా" అన్న ప్రశ్నకి బరువొస్తుంది.

మనం జీవితంలో చాలా వాటికి మూతలు బిగిస్తుంటాం. అన్నదమ్ముల ఆస్తి తగాదా కాగితాల మీద సంతకాలతో ముగుస్తుంది. దంపతుల మధ్య గొడవ "సరేలే, వదిలెయ్" అన్న మాటతో ముగుస్తుంది. ఇంట్లో ఎవరైనా పోతే పదకొండో రోజో పన్నెండో రోజో కార్యక్రమాలు పూర్తవుతాయి, నెల తిరిగేసరికి "ఇంకా ఎన్నాళ్లు, ఇక తేరుకోవాలి" అనేవాళ్లు మొదలవుతారు. ఈ మాటల్లో చాలావరకు ఆధారం ఒక్కటే: బుడగలు ఆగిపోయాయి. ఏడుపు వినబడటం లేదు. గొంతు పెంచడం లేదు. ఫోన్ చేస్తే మామూలుగానే మాట్లాడుతోంది. అది ముగియడం వల్లా, లేక ఇల్లు చల్లబడి, చెప్పుకునే చోటు లేక అడుక్కి దిగిపోవడం వల్లా అన్నది ఎవరూ కొలవరు. కొలిస్తే ఇంకో వారం ఆగాల్సి వస్తుందేమోనని భయం.

ఇలాంటప్పుడు "అయిపోయింది" అని ప్రకటించేది ఎవరు అన్నది చూడాలి. చాలాసార్లు, అయిపోతే తనకి సుఖంగా ఉండే మనిషే ఆ మాట అంటాడు. ఓడ యజమానిలాగే అతను అబద్ధం చెప్పడం లేదు, మనస్ఫూర్తిగానే నమ్ముతున్నాడు. అందుకే అతన్ని కాదనడం కష్టం. తప్పు చేసినవాడు క్షమాపణ చెప్పి, పడ్డవాడు తలూపగానే, "అదెప్పుడో అయిపోయిందిగా, మళ్లీ ఎందుకు తవ్వడం" అంటాడు. పదేళ్ల తర్వాత ఏదో పెళ్లిలో, ఏదో చిన్న మాట మీద ఆ సీసా పగిలినప్పుడు అందరూ ఆశ్చర్యపోతారు, ఇంత చిన్నదానికి ఇంత కోపమా అని. ఆ ఒత్తిడంతా ఆ మాటది కాదు. మూత బిగించిన రోజున లోపల మిగిలిపోయినది.

ఇక్కడ ఉపమానం ఒక చోట ఆగిపోతుందని ఒప్పుకోవాలి. ఈస్ట్‌ని అడగలేం, మనుషుల్ని అడగొచ్చు. "నీకు నిజంగా అయిపోయిందా?" అని అడగడానికి ఏ గాజు గొట్టమూ అక్కర్లేదు. కానీ ఒక్కసారి అడిగితే చాలదు, మొదటిసారి జవాబు దాదాపు ఎప్పుడూ "ఆ, ఏం లేదు" అనే వస్తుంది. కొన్నాళ్లాగి మళ్లీ అడగాలి, అదీ జవాబు ఏదైనా వినడానికి సిద్ధపడి, కాస్త వెచ్చదనం ఉన్న చోట. రోజూ అడిగినా పాడవుతుంది. గాయాన్ని తెరిచి చూస్తూ ఉండటం మాన్పడం అనిపించుకోదు.

ఇంకో రెండు సంగతులు బీరు చేసేవాళ్లకి తెలుసు, మిగతా మనం తరచూ మర్చిపోతాం. ఒకటి, చక్కెర అయిపోయినంతమాత్రాన ఈస్ట్ పని అయిపోదు. పులిసే వేగంలో వదిలిన డయాసిటైల్ అనే పదార్థం వల్ల బీరు వెన్న వాసన వేస్తుంది. రెండు మూడు రోజులు కదిలించకుండా వెచ్చగా వదిలేస్తే ఈస్టే దాన్ని మళ్లీ లోపలికి తీసుకుని శుభ్రం చేస్తుంది. పైకి ఏ కదలికా కనబడని ఆ రోజుల్లోనే రుచి కుదురుతుంది. గొడవ సద్దుమణిగాక మనుషులకి కూడా ఆ రెండు మూడు రోజులు కావాలి. "రాజీ పడ్డారుగా, పదండి సినిమాకి" అనకూడని రోజులవి.

రెండోది, ముగింపు అంటే సున్నా కాదు. మామూలు బీరు 1.010 దగ్గర ఆగుతుంది. ఈస్ట్ తినలేని పదార్థాలు కొన్ని అందులో ఉండిపోతాయి. బీరుకి ఆ నిండుదనం ఇచ్చేది అవే. అవి కూడా పోవాలని కూర్చుంటే ఎప్పటికీ సీసా నింపలేం. పోయినవాళ్ల మీది దుఃఖం కూడా ఎక్కడో ఒక అంకె దగ్గర నిలిచిపోతుంది. సున్నాకి రాలేదు కాబట్టి తేరుకోలేదని అనడం తప్పు. సున్నాకి రావాలని బలవంతపెట్టడం ఇంకా తప్పు. పేలే మిగులు వేరు, ఉండిపోయే మిగులు వేరు. ఏది ఏదో తెలుసుకోవడానికి కాలం తప్ప వేరే పరికరం లేదు.

మరి హామీ ఎప్పటికీ రాదంటే మూత ఎప్పుడు బిగించాలి? ఇక్కడ వాళ్లు చేసే ఒక పని నాకు ఏ సిద్ధాంతం కన్నా నిజాయితీగా కనబడుతుంది. అన్ని కొలతలూ సరిపోయాక, గాజు సీసాలు నింపేటప్పుడు, అదే బీరుతో ఒక ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసా కూడా నింపుతారు. గాజులో ఒత్తిడి చేతికి తెలియదు, ప్లాస్టిక్‌లో తెలుస్తుంది. రోజూ ఒకసారి దాన్ని నొక్కి చూస్తారు. మామూలుగా గట్టిపడితే సరే. రాయిలా బిగిసిపోతే తమ అంచనా తప్పినట్టే. అప్పుడు సీసాలన్నిటినీ జాగ్రత్తగా చల్లబరిచి, మూతలు వదులుచేసి వాయువుని పోనిస్తారు. అట్ట మీద మూత బిగించిన తేదీ రాస్తారు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు "ఫ్రిజ్‌లోనే పెట్టు" అని చెప్పి ఇస్తారు.

"అయిపోయింది" అని చెప్పే హక్కు పూర్తిగా తెలిసినప్పుడు వస్తుందనుకుంటే అది ఎవరికీ రాదు. కొలవాల్సినంత కొలిచి, చెప్పాక కూడా చెయ్యి దాని మీదే ఉంచి, తప్పని తేలితే మూత తీయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకి వస్తుందని నేననుకుంటాను. మిగతావాళ్లు చెప్పేది, తమకి ఓపిక అయిపోయిందని మాత్రమే.